ర్యాలీ సైకిలు ఇంకా ఎవరింట్లో ఉంది?



పాత ఇనప సామాన్లు కొంటామంటూ మైకు పెట్టుకుని ఆటో వీధిలోకి వస్తుంది. గొడ్లసావిట్లో గోడకు ఆనించి, ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయిన తాతగారి సైకిలును ఇంట్లోవాళ్ళు బయటికి లాగి కాటా మీద పెడతారు. పద్దెనిమిదో ఇరవయ్యో కిలోలు తూగుతుంది. కిలో లెక్కన డబ్బు చేతిలో పడుతుంది, సావిట్లో కాస్త చోటు కలిసొస్తుంది. ఆ సైకిలు ముందు గొట్టం మీద కొంగ తల బొమ్మతో చిన్న రేకు బిళ్ళ ఉందనీ, ఆ బిళ్ళ ఉన్న బండి కోసమే ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు కొందరున్నారనీ ఆ సమయానికి ఎవరికీ తట్టదు.

పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె. ఈ నాలుగు ఊళ్ళ మధ్య ఒకప్పుడు లెక్కకు మించి తిరిగిన ఉక్కు సైకిళ్ళు ఇవాళ ఎందుకు కనబడటం లేదు? మిగిలిన కొద్దిపాటి వాటిని వాటి యజమానులు ఎందుకు వదలటం లేదు? ఈ రెండు ప్రశ్నల గురించే ఇవాళ మీతో మాట్లాడతాను. నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను. విప్పి బాగుచేసుకోవడానికి వీలుగా పుట్టింది కాబట్టే ఆ బండి డెబ్భై ఏళ్ళు బతికింది. బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి కాబట్టే అరుదైపోతోంది.

ముందు మన నేల సంగతి చూద్దాం. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక పశ్చిమ డెల్టాకు కాలవలొచ్చాయి. కొమ్మమూరు కాలవ మీద పడవలు నడిచాయి. 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు రైలు మార్గం పడింది. నిడుబ్రోలు, బాపట్ల ఆ దారిలో స్టేషన్లయ్యాయి. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు రైలు వేశారు. ధాన్యం పడవెక్కింది, మనిషి రైలెక్కాడు. కానీ స్టేషన్లో దిగినవాడు ఊరు చేరాలంటే ఇంకా నాలుగైదు మైళ్ళు మిగిలేవి. ఉంటే ఎద్దుబండి, లేకపోతే కాలినడక. మిగిలిపోయిన ఆ నాలుగైదు మైళ్ళు సైకిలు వాటాకు వచ్చాయి.

సైకిలుకు మన ప్రాంతం అచ్చి వచ్చింది. తెనాలి నుంచి సముద్రం దాకా నేల చదునుగా ఉంటుంది. పొన్నూరు నుంచి అటు తెనాలికైనా, ఇటు బాపట్లకైనా ఇరవై పాతిక కిలోమీటర్ల దారిలో ఎక్కాల్సిన మిట్ట ఏదైనా ఉందంటే అది కాలవ మీది వంతెనే. గేర్లతో పనిలేదు. కానీ మిట్టలు లేని లోటు గాలి తీరుస్తుంది. మధ్యాహ్నం దాటాక బాపట్ల వైపు తొక్కితే సముద్రపు గాలి ఎదురు కొడుతుంది. వంగి, హ్యాండిల్ మీద బరువు వేసి తొక్కాలి. వచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతుంది. ఇక వానాకాలం వస్తే రేగడి మట్టి. కాలవ కట్ట మీద పది గజాలు వెళ్ళేసరికి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య మట్టి గడ్డకట్టి చక్రం తిరగదు. దిగి, గట్టున ఒక పుల్ల విరిచి, మట్టి గీకి, మళ్ళీ ఎక్కాలి. ఆ దారి తొక్కిన పెద్దవాళ్ళను అడగండి, సైకిలు తమను మోసిన దూరమెంతో, తాము సైకిలును భుజాన వేసుకుని మోసిన దూరమెంతో చెబుతారు.

ఆ రోజుల్లో ఈ బండ్లు ఇంగ్లండు నుంచి వచ్చేవి. నాటింగ్‌హామ్‌లో ర్యాలీ కంపెనీ 1880లలో మొదలైంది. ర్యాలీ అన్న పేరు ఒక వీధిది. ఆ వీధిలోనే మొదటి షెడ్డు ఉండేది. బర్మింగ్‌హామ్ నుంచి హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ వచ్చేవి. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. అది తుపాకుల కంపెనీ. అందుకే దాని బిళ్ళ మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టు ఉంటాయి. హంబర్ అయితే చైనువీలులోనే అయిదుగురు మనుషులు పరుగెత్తుతున్నట్టు ఉక్కును కోసి ఉంటుంది. రడ్జి చైనువీలులో అరచెయ్యి. ర్యాలీ చైనువీలులో కొంగ తలలు. పేరు చదవడం రానివాడు కూడా పెడలు దగ్గరున్న బొమ్మ చూసి బండి ఎవరి తయారీయో చెప్పేవాడు. అక్షరాస్యత తక్కువగా ఉన్న దేశాల్లో సరుకు అమ్మడమెలాగో ఆ కంపెనీలకు బాగా తెలుసు.

స్వతంత్రం వచ్చాక ఆ కంపెనీలే ఇక్కడి వాళ్ళతో కలిసి మన దేశంలో కర్మాగారాలు పెట్టాయి. మురుగప్ప కుటుంబం ఇంగ్లండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి 1949లో టీఐ సైకిల్స్ మొదలుపెట్టింది. మద్రాసు పక్కన అంబత్తూరులో హెర్క్యులిస్, ఫిలిప్స్, తర్వాత బీఎస్ఏ సైకిళ్ళు తయారయ్యాయి. పశ్చిమ బెంగాల్లో అసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ కర్మాగారం వచ్చింది. ర్యాలీ, హంబర్, రడ్జి, రాబిన్‌హుడ్ పేర్లన్నీ అక్కడ మన బండ్లయ్యాయి. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. లెక్కలు చూడండి. 1950-51లో దేశం మొత్తం మీద తయారైన సైకిళ్ళు 99 వేలు. 1960-61 వచ్చేసరికి అవి 10 లక్షల 71 వేలు. పదేళ్ళలో పదిరెట్లకు పైగా పెరిగాయి. ఇంగ్లండు బండ్ల దిగుమతికి క్రమంగా తలుపులు మూసుకుపోయాయి. అంటే నాటింగ్‌హామ్‌లో పుట్టిన ర్యాలీ మన సావిట్లో ఉందంటే, అది చాలావరకు 1950ల ముందుదో, ఆ దశాబ్దపు తొలి రోజులదో అయి ఉంటుంది.

అప్పట్లో సైకిలున్న మనిషికి ఒక హోదా. పెళ్ళిలో అల్లుడు అలకపాన్పు ఎక్కాడంటే దిగడానికి సైకిలో, చేతి గడియారమో, రేడియోనో కావాల్సి వచ్చేది. మామగారు తలతాకట్టు పెట్టైనా తెచ్చేవాడు. అలా వచ్చిన సైకిలుకు తోలు సీటు మీద ముఖమల్ తొడుగు, చక్రాల ఇరుసులకు రంగురంగుల కుచ్చులు, హ్యాండిల్‌కు గంట. పంచాయతీకో మునిసిపాలిటీకో ఏటా పన్ను కట్టి రేకు బిళ్ళ తగిలించుకోవాలి. రాత్రిపూట దీపం లేకపోయినా, వెనక మనిషిని ఎక్కించుకున్నా పోలీసు ఆపేవాడు. చక్రానికి డైనమో ఆనించామంటే బండి బరువెక్కుతుంది, తొక్కుడు ఆగితే దీపం ఆరిపోతుంది. అయినా చీకట్లో కాలవ కట్ట మీద ఆ పసుపు వెలుగు కనిపిస్తే, వస్తున్నది డాక్టరుగారో మాస్టారో అని దూరం నుంచే తెలిసేది.

ఈ హోదా మాటను తలకిందులు చేసిన మనిషి ఒకరున్నారు. కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభకు వెళ్ళారు. ఢిల్లీలో తోటి సభ్యులు కార్లలో దిగుతుంటే ఆయన పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. మన పల్లెల్లో కలిగినవాడి గుర్తుగా ఉన్న సైకిలు ఢిల్లీలో నిరాడంబరతకు గుర్తు అయింది. బండి అదే. ఎక్కడ ఆపారన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోయింది.

ఇప్పుడు బండిని కాస్త దగ్గరగా చూద్దాం. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక దాని పక్కన కూర్చుని నేను చెప్పేవి ఒక్కొక్కటే వెతుక్కోవచ్చు.

చక్రాలు 28 అంగుళాలవి. ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువు మోసేది వెనక చక్రం కాబట్టి దానికి ఎక్కువ. బ్రేకులకు తీగలుండవు, ఉక్కు రాడ్లుంటాయి. హ్యాండిల్ దగ్గర పిడి నొక్కితే రాడ్డు పైకి లాగి, రబ్బరు దిమ్మలను రిమ్ము లోపలి అంచుకు ఒత్తుతుంది. తీగైతే తెగుతుంది, రాడ్డు తెగదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద ఆ బ్రేకు పట్టదు. బర్రె అడ్డం వస్తే కాలు నేలకు ఆనించడమే గతి. చైనుకు పూర్తి కేసు ఉంటుంది. పంచె కట్టు మనిషికి అది వరం. చైనులో పడి అంచు నలిగే భయం లేదు, రేగడి బురద చైను దాకా పోదు. ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, బాగా ముందుకు వాలి, కింద కాస్త వంపు తిరిగి ఉంటుంది. గుంటలో పడ్డప్పుడు ఆ వంపు స్ప్రింగులా సాగి అదురును చేతుల దాకా రానివ్వదు. చైనువీలుకు 44 నుంచి 48 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 నుంచి 22. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్లకు అటూ ఇటూగా ముందుకు పోతుంది. గబగబా తొక్కే బండి కాదు. నిటారుగా కూర్చుని, గట్టు మీద వాళ్ళను పలకరిస్తూ వెళ్ళే బండి.

సీటు తోలుది. బర్మింగ్‌హామ్‌లో బ్రూక్స్ అనే కంపెనీ 1866 నుంచి తోలు పని చేస్తోంది. సైకిలు సీట్లకు దానిదే పెద్ద పేరు. మందపాటి తోలును రివెట్లతో ఉక్కు చట్రానికి బిగిస్తారు. కొత్తలో చెక్క మీద కూర్చున్నట్టే ఉంటుంది. కొన్ని నెలలు తొక్కాక తోలు ఆ మనిషి కూర్చునే తీరుకు ఒదిగిపోతుంది. తర్వాత అది ఇంకొకరికి సరిపోదు. ముక్కు కింద ఒక బోల్టు ఉంటుంది. తోలు సాగితే దాన్ని తిప్పి బిగించుకోవాలి. కొందరు మెత్తబడుతుందని నూనె పోస్తారు. నూనె ఎక్కువైతే తోలు సాగిపోయి ఉయ్యాల అవుతుంది.

కొన్ని బండ్లకు వెనక చక్రపు హబ్బులో మూడు గేర్లుండేవి. స్టర్మీ-ఆర్చర్ అనే ఆ హబ్బు తయారీ 1903లో మొదలైంది. గుప్పెడంత డొల్లలో పళ్ళచక్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ వేగం మారుస్తాయి. మీ బండికి అది ఉంటే ఒక గుడ్డ ముక్కకు కిరసనాయిలు అద్ది హబ్బు తుడవండి. దాని మీద రెండంకెలు కనబడవచ్చు. 52 అని ఉంటే ఆ హబ్బు 1952లో తయారైనట్టు. బండి వయసు చెప్పే కాగితాలు పోయినా ఆ రెండంకెలు పోవు.

మరి ఇన్ని బండ్లు ఏమైపోయాయి? మొదటి కారణం విచిత్రంగా ఉంటుంది. వాటిని అరిగేదాకా వాడారు. ఉత్తినే పెట్టిన బండ్లు తక్కువ. పాల క్యాన్లు, గడ్డి మోపులు, వడ్ల బస్తాలు, చీరాల వైపు చేనేత చీరల మూటలు, పిల్లలు, పెద్దలు, అన్నీ ఆ క్యారియరు మీదే. చక్రం పోతే చక్రం, పెడలు పోతే పెడలు, హ్యాండిల్ పోతే హ్యాండిల్ మార్చుకుంటూ వచ్చారు. నలభై ఏళ్ళకు చూస్తే గొట్టాలు ర్యాలీవి, హ్యాండిల్ హెర్క్యులిస్‌ది, పెడళ్ళు లూధియానావి. కొనేవాళ్ళు అసలు భాగాలతో ఉన్న బండి కావాలంటారు. ఆ బండి దొరకదు. నా మటుకు అతుకుల బండిని చిన్నచూపు చూడబుద్ధి కాదు. ఏ భాగం ఎప్పుడు మార్చారో అడిగితే ఆ ఇంటి చరిత్ర బయటికొస్తుంది. ఫలానా ఏడు పంట బాగా వచ్చింది, కొత్త రిమ్ములు వేయించాం. ఫలానా ఏడు తుపానుకు పోయింది, పాత టైరుకే లోపల ముక్క వేసి నడిపాం.

రెండో కారణం మరలో ఉంది. ఇది కొంచెం ఓపిగ్గా వినండి. నాటింగ్‌హామ్ ర్యాలీ బండ్లకు పెడళ్ళ ఇరుసు దగ్గర బిగించే కప్పులకు అంగుళానికి 26 మరలుంటాయి. మిగతా కంపెనీల బండ్లకు 24. చూస్తే తేడా తెలియదు. కప్పు అరిగిపోయి, బజారులో దొరికే 24 మరల కప్పు తెచ్చి తిప్పితే రెండు చుట్లు పోయి పట్టేస్తుంది. బలవంతాన బిగిస్తే గొట్టంలోని మర కొట్టుకుపోతుంది. తన భాగాలు తన దగ్గరే కొనాలని ర్యాలీ పెట్టుకున్న ఏర్పాటు అది. కంపెనీ బండ్లు వస్తున్నంతకాలం అది వాళ్ళకు లాభం. రాక ఆగాక మన బండికి శాపం. పావలా కప్పు దొరక్క మూలపడ్డ బండ్లున్నాయి.

మూడో కారణం కాలం. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. పాలవాడు ముందు మారాడు, తర్వాత మాస్టారు మారారు. నాలుగోది ఉప్పుగాలి. రేపల్లె, బాపట్ల తీరం వైపు ఊళ్ళలో ఇనుమును తొందరగా తినేస్తుంది. ర్యాలీవాళ్ళు రంగు వేసేముందు ఉక్కుకు మందు పట్టించి తుప్పు పట్టకుండా పూత వేసేవారు. రంగును కొలిమిలో కాల్చి గట్టిపరిచేవారు. అందుకే ఆ నలుపు ఇప్పటికీ తుడిస్తే మెరుస్తుంది. కానీ ఎక్కడో గీరుకుపోయిన చోట మొదలైన తుప్పు గొట్టం లోపలికి పోతుంది. పైకి నిగనిగలాడే బండి లోపల డొల్ల కావచ్చు.

ఇక రెండో ప్రశ్న, మిగిలిన బండ్లను యజమానులు ఎందుకు వదలటం లేదన్నది. పొన్నూరు పక్క పల్లెలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. తండ్రిగారి ర్యాలీ ఇప్పటికీ తొక్కుతారు. కొనడానికి వచ్చినాయన, "బండి అమ్ముతారా మాస్టారూ? మంచి ధర ఇస్తాను" అన్నాడు. "అమ్మితే రేపు పొద్దున నేనెట్టా తిరగాలయ్యా?" అన్నారు మాస్టారు. ఆ మాటలో పురాతన వస్తువుల మీద మోజు లేదు. అది ఆయనకు ఇవాళ్టి బండి. ఇష్టానికి మొదటి కారణం అక్కడుంది. నడుస్తున్న బండిని ఎవరు వదులుకుంటారు?

అసలు అంతకాలం నడవడం ఎలా సాధ్యమైంది? జవాబు ఉక్కులోనూ, దాన్ని అతికిన పద్ధతిలోనూ ఉంది. పాత సైకిలు గొట్టాలను ఒకదానికొకటి నేరుగా కరిగించి అతకరు. గొట్టం చివరను ఒక ఉక్కు తొడుగులో దూర్చి, ఆ సందులోకి కరిగిన ఇత్తడిని పారిస్తారు. ఇత్తడి 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉక్కు కరగాలంటే 1500 డిగ్రీల దాకా పోవాలి. కాబట్టి అతికేటప్పుడు గొట్టం కరగదు, దాని బలం పెద్దగా పోదు. ఎప్పుడైనా గొట్టం వంగితే అతుకును మళ్ళీ కాచి, ఆ గొట్టం తీసి వేరేది పెట్టొచ్చు. కాస్త వంగితే మళ్ళీ సరిచేయొచ్చు. ఉక్కు వంగుతుంది, చెప్పి విరుగుతుంది. అల్యూమినియం అలా కాదు. చిన్న అదుర్లు కూడా కొన్ని లక్షల సార్లు తగిలితే లోలోపల అలిసిపోయి చీలుతుంది. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు లోబడిన అదుర్లను ఎన్నిసార్లయినా ఓర్చుకుంటుంది.

పందెం బండ్లలో ఈ ఉక్కు ఇంకా నాజూకైంది. బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ కంపెనీ 1935లో 531 అనే మిశ్రమ ఉక్కు గొట్టాలు తెచ్చింది. అతుకు పడే చివర్లలో మందం, ఒత్తిడి తక్కువగా పడే మధ్యలో పలచన. మేలురకం గొట్టాల్లో మధ్యభాగం మందం అర మిల్లీమీటరే. దాంతో బండి తేలికైంది, బలం తగ్గలేదు. మన ఊరి ర్యాలీకి ఆ గొట్టాలు లేవు, అది మామూలు ఉక్కు. కానీ పద్ధతి అదే, తొడుగూ ఇత్తడీ అవే. ఇవాళ ఇటలీలో టస్కనీ ప్రాంతాన ఎరోయికా అని ఒక సైకిలు యాత్ర 1997 నుంచి జరుగుతోంది. 1987కు ముందు తయారైన ఉక్కు బండ్లే అందులో ఎక్కువ. తారు లేని తెల్లమట్టి దారుల మీద ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు తొక్కుతారు. జపాన్‌లో 1948 నుంచి సాగుతున్న కేరిన్ పందేల్లో నేటికీ చేత్తో అతికిన ఉక్కు బండ్లు పరుగెత్తుతున్నాయి. మన దేశంలో పుణెలో విక్రమ్ పెండ్సే సైకిళ్ళ మ్యూజియం ఉంది. పాత బండ్లను, వాటి గంటలను, దీపాలను, పంపులను వరసపెట్టి చూపిస్తారు. ఎవరికి ఏ కారణంగా ఇష్టమైనా, అందరూ ముచ్చటపడేది ఆ అతుకుల పనితనానికే.

ఇప్పుడు చేతి పని సంగతి. నిడుబ్రోలులోనైనా తెనాలిలోనైనా ఒక పాతకాలపు మెకానిక్కు దగ్గర కాసేపు కూర్చుని చూడండి. చక్రం బెండు తీయడం మొదలుపెడతాడు. బండిని తలకిందులు చేసి నిలబెడతాడు. చక్రం తిప్పి, సుద్దముక్కను ఫోర్కుకు ఆనించి రిమ్ము దగ్గర పెడతాడు. చక్రం వంకర ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. గీత పడ్డవైపు చువ్వను ఒక పావు తిప్పు వదులు చేస్తాడు, ఎదుటివైపు చువ్వను అంతే బిగిస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. గీత కురచవుతుంది. చువ్వను వేలితో మీటి, ఆ మోత విని బిగువు తెలుసుకుంటాడు. చివరికి సుద్ద ఎక్కడా తగలకుండా చక్రం తిరుగుతుంది. ఇందులో కొలిచే పరికరం ఒక్కటీ లేదు.

తర్వాత పెడలు. ఊగుతోందంటే పెడలు కాడను ఇరుసుకు బిగించే కాటరు పిన్ను అరిగినట్టు. కొత్త పిన్ను పెట్టెలోంచి తీసి నేరుగా కొట్టడు. దాని పక్క చదునును ఆకురాయితో నాలుగు సార్లు రాచి, పెట్టి చూసి, తీసి, మళ్ళీ రాచి, అప్పుడు సుత్తితో దింపుతాడు. ఒక గీటు ఎక్కువ రాచినా పెడళ్ళు రెండూ ఒక వరసలోకి రావు. ఇరుసు దగ్గర ఒక్కో వైపు 11 పావంగుళం బాల్సు. పాతవి అరచేతిలో పోసుకుని చూస్తాడు. మచ్చలు పడ్డవి పక్కన పెడతాడు. ఒక్కటి పోయినా అన్నీ మారుస్తాడు, ఎందుకంటే కొత్తదీ పాతదీ కలిస్తే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. కప్పులో గ్రీజు పూసి, బాల్సు ఒక్కొక్కటే అంటించి, మూసి, పెడలును మెల్లగా తిప్పి వదిలేస్తాడు. అది ఆగీ ఆగకుండా ఊగి ఊగి నిలబడాలి. అదే అతని పరీక్ష.

ఈ పని ఒక పూట పడుతుంది. ఇచ్చే డబ్బు బండి కడిగించే డబ్బుకు మించదు. కాబట్టే అతని కొడుకు ఈ పనిలోకి రాలేదు. మోటారు సైకిళ్ళ షెడ్డు పెట్టాడు, లేదా హైదరాబాదు వెళ్ళిపోయాడు. తప్పు పట్టలేం. కానీ ఆ మెకానిక్కుతో పాటే ఎన్నో బండ్ల ఆయుష్షు కూడా ముగుస్తుంది. కంపెనీలు పోయినా బండ్లు మిగిలాయి. నాటింగ్‌హామ్ ర్యాలీ కర్మాగారంలో 2002లో పని ఆగిపోయింది. సేన్-ర్యాలీ ప్రభుత్వం చేతికి వెళ్ళి, ఆ తర్వాత మూతపడింది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, అట్లాస్ తన సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి ఆపేసింది. ఈ మూతల వల్ల మన సావిట్లోని బండి ఆగలేదు. ఊళ్ళో మెకానిక్కు కొట్టు మూసిన రోజున ఆగింది.

అయితే ఒక మంచి కబురు కూడా ఉంది. మన దేశంలో 28 అంగుళాల టైర్లు, ట్యూబులు, చువ్వలు, కాటరు పిన్నులు ఇంకా తయారవుతున్నాయి. పల్లెల్లో ఆ బండి వాడకం పూర్తిగా పోలేదు కాబట్టి ఆ పని సాగుతోంది. ఇంగ్లండులో తాతల నాటి రాడ్డు బ్రేకు బండ్లు తొక్కేవాళ్ళలో మన దేశపు విడిభాగాలు తెప్పించుకునేవాళ్ళున్నారు. అక్కడ పుట్టిన బండికి ఇక్కడి సరుకు ఆయువు పోస్తోంది.

ఇంట్లో పాత సైకిలు ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. అమ్మాలనుకుంటే మొదట ముందు గొట్టం మీది బిళ్ళ, చైనువీలులోని బొమ్మ, సీటు గొట్టం పైనో పెడళ్ళ ఇరుసు అడుగునో కొట్టిన నంబరు చూడండి. తుప్పు వదలాలని ఉప్పుకాగితం పెట్టి రుద్దొద్దు, కొత్త రంగు కొట్టొద్దు. కొలిమిలో కాల్చిన ఆ పాత రంగు, దాని మీది బంగారు గీతలు ఒకసారి పోతే తిరిగి రావు. గుడ్డకు కాస్త నూనె అద్ది తుడిస్తే చాలు. పట్టేసిన చోట సుత్తి వాడొద్దు. నూనె వేసి రెండు రోజులు ఆగండి. కప్పు మార్చాల్సి వస్తే మర 26దో 24దో కొలిపించి గాని బిగించనీయొద్దు. హోటలు గోడకు వేలాడదీయడానికి ఎవరైనా అడిగితే, మేకుకు తగిలించిన బండికి బాల్సు బిగుసుకుపోతాయని, టైర్లు పగిలిపోతాయని గుర్తు పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు, ఆ బండిని మీ ఊళ్ళో ఉన్న ముసలి మెకానిక్కు దగ్గరికి నడిపించుకు వెళ్ళండి. పూర్తిగా విప్పి బిగించమనండి. బేరమాడకుండా, ఆయన అడిగినదానికంటే ఒక నోటు ఎక్కువే ఇవ్వండి. పక్కన మీ పిల్లవాడిని కూర్చోబెట్టి ఆకురాయి పట్టడం, చువ్వ బిగించడం చూడనివ్వండి. పని దొరికితే కొట్టు తెరిచి ఉంటుంది. కొట్టు తెరిచి ఉంటే మీ బండే కాదు, ఆ వీధిలో ఇంకో నలుగురి బండ్లు కూడా నడుస్తాయి.